జయ కోసం వెతికితే విజయ కూడా వచ్చింది: ఫైలు పేర్ల స్క్రిప్ట్ డైరీ

జూన్ 7, శనివారం

పక్క ఊరి గ్రంథాలయం వాళ్ల దగ్గర ఒక పాత తెలుగు మాసపత్రిక స్కాన్లు ఉన్నాయి. 1927 ఉగాది నుంచి 1974 ఉగాది ముందు దాకా వచ్చిన సంచికలు. అన్నీ కాదు, దొరికినన్ని. ఎవరికి తీరిక దొరికినప్పుడు వాళ్లు స్కాన్ చేశారు, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు, అన్నీ తెచ్చి ఒక హార్డ్ డిస్కులో పడేశారు. ఇప్పుడు కార్యదర్శిగా ఉన్న మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. ఆయనకు కావలసినవి రెండే. ఉన్న సంచికలు వరుసగా కనపడాలి. లేనివి ఏవో ఒక కాగితం మీద రావాలి, ఆ కాగితం పట్టుకుని మిగతా గ్రంథాలయాలను అడుగుతారట.

పేర్లు మచ్చుకు కొన్ని ఇక్కడ రాసుకుంటున్నాను. చివర వచ్చే పీడీఎఫ్ అన్న తోక వదిలేశాను.

ప్రభవ_చైత్రం
విజయ - వైశాఖం (1)
పత్రిక జయ వైశాఖము కొత్తది
విరోధి కార్తీకం [రెండో ప్రతి]
౧౯౫౮ ఆగస్టు
పేరు మార్చి పెట్టినది 3
స్కాన్0042

పత్రిక అట్ట మీద రెండూ అచ్చువేశారు: ఒక మూల సంవత్సరం పేరు, తెలుగు నెల, ఇంకో మూల ఇంగ్లీషు నెల, ఏడు. అందుకే పేరు పెట్టినవాళ్లు కంటికి ముందు ఏది ఆనితే అది టైపు చేశారు. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు, కొందరు తెలుగులో.

అసలు డిస్కు ముట్టుకోకూడదనేది మొదటి నియమం. దాన్ని చదవడానికి మాత్రమే తెరిచి, మొత్తం నా లినక్స్ ల్యాప్‌టాప్‌లోకి కాపీ పెట్టాను. కాపీలోనే మొదటి చిక్కు: కొన్ని ఫైళ్లు "పేరు మరీ పొడుగు" అని ఆగిపోయాయి. డిస్కు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో (ఫైళ్లను దాచే పద్ధతి) ఉంది. అక్కడ పేరుకు 255 అక్షర సంకేతాల దాకా చోటుంటుంది. నా ల్యాప్‌టాప్‌లోని ఈఎక్స్‌టీ4లో 255 బైట్లే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది కాబట్టి, మొత్తం తెలుగులో రాస్తే 85 సంకేతాలతో సరి. గుణింతం, పొల్లు, సున్న కూడా విడివిడి సంకేతాలే కనుక మనం చదివే అక్షరాల లెక్కలో అది ఇంకా తక్కువ. విషయసూచిక మొత్తం ఫైలు పేరులోనే రాసేసిన మహానుభావుడెవరో ఉన్నాడు. ఆ ఫైళ్లను చిన్న పేర్లతో తెచ్చుకుని, అసలు పేరు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టాను.

జూన్ 8, ఆదివారం

ఫైలు పేర్లను పట్టుకునే అచ్చు, అంటే ప్యాటర్న్, ఈ రోజు ఒక్కటీ రాయలేదు. ముందు ఏమున్నాయో చూడాలి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు: ఫోల్డర్లన్నీ తిరిగి, ప్రతి ఫైలు ఎక్స్‌టెన్షన్ (పేరు చివరి తోక) తీసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్క. వచ్చింది చూస్తే పీడీఎఫ్ మూడు రకాలుగా ఉంది: చిన్న అక్షరాల్లో, పెద్ద అక్షరాల్లో, మొదటిది మాత్రం పెద్దగా. లినక్స్‌లో నక్షత్రం గుర్తు (పేరులో అక్కడ ఏదైనా ఉండొచ్చని దాని అర్థం) పెట్టి చిన్న అక్షరాల పీడీఎఫ్ అని వెతికితే పెద్ద అక్షరాలవి రావు. అదే స్క్రిప్ట్ విండోస్‌లో నడిపితే వస్తాయి. పైథాన్‌లో పేరును ప్యాటర్న్‌తో పోల్చే ఎఫ్ఎన్‌మ్యాచ్ అనే ఫంక్షన్ ఏ సిస్టమ్‌లో ఉంటే ఆ పద్ధతి పాటిస్తుంది. రేపు గ్రంథాలయంలోని విండోస్ కంప్యూటర్‌లో కూడా నడవాలి కాబట్టి ఆ తేడా నాకు వద్దు. ఎక్స్‌టెన్షన్‌ను ముందే చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చుతున్నాను. తెలుగు పేర్లకు ఈ బాధ లేదు, మన లిపిలో పెద్దబడి చిన్నబడి లేవు.

ఇదంతా కమాండ్లు టైపు చేసే షెల్‌లోనే చేయొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. చేయొచ్చు. నక్షత్రం, ప్రశ్నార్థకం గుర్తులతో ఫైలు పేర్లు పట్టుకోవడం 1971 నాటి మొదటి యూనిక్స్‌లోనే ఉంది. అప్పట్లో ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ విడిగా ఉండేది, షెల్ దాన్ని పిలిచేది. కానీ బాష్ అనే షెల్‌లో ఒక అలవాటు నాకు నచ్చదు. ప్యాటర్న్‌కు ఏ ఫైలూ దొరక్కపోతే, దొరకలేదని చెప్పకుండా ఆ ప్యాటర్న్‌నే ఫైలు పేరు అన్నట్టు తర్వాతి కమాండ్‌కు ఇచ్చేస్తుంది. సెట్టింగ్ మారిస్తే ఆ అలవాటు మానుతుంది గానీ, ప్రతి కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్ ఉందో లేదో చూసుకోవాలి. పైథాన్ అయితే ఖాళీ జాబితా ఇస్తుంది. ఖాళీ అంటే ఖాళీ.

లోపలి ఫోల్డర్లన్నీ తిరగడానికి జంట నక్షత్రాలు వాడాను. ప్యాటర్న్‌తో ఫైళ్లను ఏరే పైథాన్ మాడ్యూల్ (సిద్ధంగా ఉండే కోడ్ కట్ట) గ్లాబ్‌లో ఇది 2015లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచి ఉంది. ఫలితాల వరుస మాత్రం నమ్మకూడదు. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో పేర్లు వరుసలోనే వస్తాయి, అందుకని అక్కడ రాసినవాళ్లకు అనుమానం రాదు. ఈఎక్స్‌టీ4లో పేరు నుంచి తీసిన హ్యాష్ అనే సంఖ్య ప్రకారం వస్తాయి, పేకముక్కలు కలిపినట్టుంటుంది. అందుకే జాబితా తీసిన వెంటనే సార్ట్ చేస్తున్నాను.

రాత్రికి ఒక ప్యాటర్న్ పనికొచ్చింది: [అ-హ]* అని పెడితే తెలుగు అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ ఒక పక్కకు వచ్చాయి. పైథాన్ ఈ శ్రేణిని యూనికోడ్ (అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణం) వరుస ప్రకారమే చూస్తుంది. బాష్‌లో అయితే కంప్యూటర్ భాష సెట్టింగ్‌ను బట్టి మారొచ్చు. మూడొంతులకు పైగా పేర్లు తెలుగులోనే ఉన్నాయి. మంచిదో చెడ్డదో వచ్చే వారం తెలుస్తుంది.

జూన్ 14, శనివారం

అరవై సంవత్సరాల పేర్ల పట్టిక స్క్రిప్ట్‌లో పెట్టాను. ప్రభవ 1927-28, విభవ 1928-29, అలా లెక్క. పత్రిక నడిచింది ప్రభవ నుంచి ప్రమాదీచ దాకా, అంటే 47 పేర్లు. అరవై దాటలేదు కాబట్టి ఏ పేరూ రెండుసార్లు తిరిగి రాదు. ఇది పెద్ద ఉపశమనం. పత్రిక ఇంకో పదిహేనేళ్లు నడిచి ఉంటే 1987 ప్రభవ వచ్చి తలనొప్పి అయ్యేది.

మాస్టారి మనవడు ఇంతకుముందు ఒక ప్రయత్నం చేసి వదిలేసిన స్క్రిప్ట్ కూడా డిస్కులో ఉంది. అందులో ప్రతి సంవత్సరానికీ పేరుకు ముందొక నక్షత్రం, వెనకొక నక్షత్రం. చూడగానే సబబుగానే ఉంటుంది. మన సంవత్సరాల పేర్లతో అది నడవదు. ఎందుకో పట్టిక ముందు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

*జయ* అంటే జయ (1954-55) మాత్రమే కాదు, విజయ (1953-54) కూడా వస్తుంది. *భవ* అంటే ప్రభవ, విభవ, పరాభవ మూడూ వరుసకట్టి వస్తాయి. *భాను* అంటే చిత్రభాను, స్వభాను. విరోధి* అని మొదటినుంచి పట్టుకుందామన్నా విరోధి (1949-50) తోబాటు విరోధికృత్ (1971-72) దిగుతుంది, మధ్యలో ఇరవై రెండేళ్ల తేడా. మరి ప్రమాది* అంటే ప్రమాదీచ రావాలి కదా? రాదు. ప్రమాదిలో ఉన్నది గుడి, ప్రమాదీచలో గుడిదీర్ఘం. రెండూ వేరు వేరు సంకేతాలు. నోటితో అంటే ఒకదానిలో ఒకటి ఉన్నట్టే ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం "ప్రమాద" తర్వాత దారులు వేరు.

ప్రశ్నార్థకం గుర్తుతోనూ ఇంతే. ఒక ప్రశ్నార్థకం ఒక సంకేతాన్ని పట్టుకుంటుంది, మన అక్షరాన్ని కాదు. ప్రభవ మనకు మూడక్షరాలు. ప్యాటర్న్‌లో ఐదు ప్రశ్నార్థకాలు పెడితే గానీ రాదు: ప, పొల్లు, ర, భ, వ.

కాబట్టి నక్షత్రాల దారి వదిలేశాను. పేరును ఖాళీలు, అడ్డగీతలు, కిందిగీతలు, బ్రాకెట్లు, చుక్కల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పట్టికలోని పేరుతో పూర్తిగా పోల్చడం. విజయ ముక్క విజయతోనే కలుస్తుంది. నక్షత్రం ఫైళ్లను ఏరుకోవడానికి సరిపోతుంది. ఆ ఫైలు ఏ ఏడాదిదో చెప్పే పని దానికి ఇవ్వకూడదు.

పూర్తి ముక్కతో పోల్చినా కొన్ని మోసం చేస్తాయి, అవి ముందే రాసుకున్నాను. శుక్ల అనేది 1929-30 సంవత్సరం పేరు. "ప్రభవ వైశాఖ శుక్ల పాడ్యమి" అని రాసిన ఫైలులో అది పక్షం పేరు. "విజయ దశమి సంచిక" అని మధ్యలో ఖాళీ వదిలి రాస్తే విజయ నామ సంవత్సరం దొరికిందని స్క్రిప్ట్ సంబరపడుతుంది. ఇంగ్లీషు నెలల్లో మార్చి మరీ చిత్రం. "పేరు మార్చి పెట్టినది" అన్న ఫైలు మార్చి నెలది కాదు, ఎవరో పేరు మార్చి పెట్టారు, అంతే!

వీటికోసం ఒక్కో మినహాయింపు రాసుకుంటూ పోతే అంతుండదు. ఇలా చేస్తున్నాను: ప్రతి ఫైలూ మూడు జాబితాల్లో ఒకదానిలో కచ్చితంగా పడాలి. సంవత్సరం ఒకటే, నెల ఒకటే దొరికితే "స్పష్టం". రెండేసి దొరికితే, లేదా ఒకటి దొరికి రెండోది లేకపోతే "అనుమానం". ఏమీ దొరక్కపోతే "మిగిలినవి". మూడింటి మొత్తం, ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల మొత్తంతో సరిపోకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. నేను రోజూ చూడబోయేది స్పష్టం జాబితా కాదు, మిగిలినవి జాబితా. ప్యాటర్న్ పట్టుకున్నవాటిని చూసి అది బాగుందో లేదో చెప్పలేం, వదిలేసినవాటిని చూసే చెప్పాలి.

జూన్ 15, ఆదివారం

మిగిలినవి జాబితా తెరిస్తే మొదటి పేజీ నిండా చైత్రం, వైశాఖం.

మిగతా నెలలన్నీ దొరికాయి. ఆషాఢం దొరికింది, మార్గశిరం దొరికింది, ఫాల్గుణం కూడా. ఈ రెండు నెలలవి, అదీ పేరులో నెల మాత్రమే రాసిన ఒకే ఫోల్డర్‌లోవి, అన్నీ మిగిలిపోయాయి. ఇంగ్లీషు నెలల్లో జూలై ఒక్కటే మిగిలింది. తెరమీద చూస్తే పేరులో ఏ లోపమూ లేదు. పట్టికలోంచి వైశాఖం కాపీ చేసి పక్కన పెట్టి చూశాను, తేడా కనపడదు. పొడవు అడిగితే పట్టికలోని వైశాఖం 6, ఫైలు పేరులోని వైశాఖం 7.

సంగతి ఇదీ. యూనికోడ్‌లో తెలుగు ఐత్వం రెండు విధాలుగా రాయొచ్చు. ఒకే సంకేతంగా, లేదా ఎత్వం ఒకటి, దాని కింద వచ్చే ఐత్వపు గీత ఒకటి, ఇలా రెండు సంకేతాలుగా. రెండూ సమానమేనని యూనికోడ్ నియమం, కానీ స్క్రిప్ట్ సంకేతాలను వరసగా పోల్చుతుంది తప్ప ఆ నియమం తనంతట తాను గుర్తుచేసుకోదు. మొత్తం తెలుగు లిపిలో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. పన్నెండు నెలల్లో ఐత్వం ఉన్నవి చైత్రం, వైశాఖం. ఇంగ్లీషు నెలల్లో జూలై. జాబితాలో మిగిలినవీ సరిగ్గా అవే.

ఆ ఫోల్డర్ ఒక పాత మ్యాక్‌లో జిప్ చేసి పంపింది. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకునేది, ఆ రూపమే జిప్‌లోకీ వెళ్తుంది. మందు ఒక లైనే: పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ప్రతి పేరునూ, పట్టికలోని ప్రతి పేరునూ ఎన్ఎఫ్‌సీ అనే కలిపిన రూపంలోకి మార్చి అప్పుడు పోల్చడం. చైత్ర వైశాఖాలు రెండూ దారిలోకి వచ్చాయి.

అదే జిప్‌లోంచి మరో బహుమతి కూడా వచ్చింది. ప్రతి సంచికకూ ఒక నీడ ఫైలు, పేరు ముందు చుక్క, కిందిగీత. మ్యాక్ తన సొంత వివరాలు దాచుకునే ఫైళ్లు ఇవి, తోక పీడీఎఫ్ అనే ఉంటుంది, తెరిస్తే తెరుచుకోవు. పైథాన్‌లో గ్లాబ్ మాడ్యూల్ వాడితే నక్షత్రం చుక్కతో మొదలయ్యే పేర్లను పట్టుకోదు. పాత్‌లిబ్ అనే ఇంకో మాడ్యూల్‌లోని గ్లాబ్ పట్టుకుంటుంది. రెండింటి పేరూ ఒకటే, నడక వేరు. నేను పాత్‌లిబ్ వాడుతున్నాను కాబట్టి చుక్కతో మొదలైతే విడిగా నాలుగో జాబితాలోకి తోశాను, "చెత్త" అని. దాన్నీ మొత్తం లెక్కలో కలిపాను.

ఇక కనపడని అక్షరం. ఏప్రిల్, సెప్టెంబర్ లాంటి పేర్ల చివర కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని విడదీసే గుర్తు ఒకటి పెడతాయి, తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని సరిగ్గా రాయాలంటే అది ఉండాల్సిందే. పోల్చేటప్పుడు మాత్రం అడ్డం. ఎన్ఎఫ్‌సీ దాన్ని తీయదు, విడిగా తీసేయాలి. పోల్చడానికి వాడే నకలులో మాత్రమే తీశాను, అసలు పేరు జోలికి పోలేదు.

వైశాఖము, వైశాఖ మాసం, సెప్టెంబరు, సెప్టెంబర్ లాంటివాటికి తెలివైన ప్యాటర్న్ ఏదీ అక్కర్లేదు. కనపడిన ప్రతి రూపాన్నీ పట్టికలో ఒక లైనుగా చేర్చాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన వైశాఖానికే ఆరు స్పెల్లింగులు తేలాయి. మనవాళ్లు "వై"ని ఎన్ని రకాలుగా రాస్తారో చూసి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

జూన్ 22, ఆదివారం

అంకెల వంతు. ఇక్కడ నక్షత్రాలు చాలవు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కావాలి, అంటే నక్షత్రాల కంటే వివరంగా రాయగల ప్యాటర్న్.

పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అంకెకు వాడే బ్యాక్‌స్లాష్ డీ తెలుగు అంకెలను కూడా అంకెలుగానే చూస్తుంది. ౧౯౫౮ దొరికింది. దాన్ని సంఖ్యగా మార్చమంటే 1958 అని ఇచ్చింది, విడిగా పట్టిక రాయాల్సిన పని లేకుండా. అదే గ్లాబ్ పద్ధతిలో [0-9] అని రాస్తే తెలుగు అంకెలు రావు. ఈ ఒక్క విషయంలో పైథాన్ మనల్ని బాగానే చూసుకుంది.

పదాల విషయంలో అంత దయ లేదు. పదంలోని అక్షరానికి వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో కార్తీకం పట్టుకోబోతే క, ర, త, క అని నాలుగు ముక్కలు ఇస్తుంది. గుణింతపు గుర్తులూ, పొల్లూ, సున్నా దాని దృష్టిలో అక్షరాలు కావు. హిందీవాళ్లకూ ఇదే కష్టం, ఏళ్ల తరబడి ఫిర్యాదుగా నడుస్తున్న విషయం. రెజెక్స్ అని విడిగా దొరికే మాడ్యూల్ వేసుకుంటే సరిగ్గా పట్టుకుంటుంది. గ్రంథాలయం కంప్యూటర్‌లో అదనంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా గడవాలని నా ఉద్దేశం కాబట్టి, అక్షరాలను పట్టుకోవడం మాని, అక్షరాలు కానివాటి దగ్గర కోయడమే ఉంచాను. 14న రాసిన ముక్కల పద్ధతి ఇక్కడ కూడా అక్కరకొచ్చింది.

నాలుగంకెల సంఖ్య 1927కూ 1974కూ మధ్య ఉంటే సంవత్సరం అనుకోవచ్చా? కెమెరాతో తీసిన అట్టల ఫొటోలు ఉన్న ఫోల్డర్ ఈ ఆశ మీద నీళ్లు చల్లింది. కెమెరాలు ఫొటోలకు 0001 నుంచి 9999 దాకా నంబర్లు వేసుకుంటూ పోతాయి. కాబట్టి ఐఎంజీ 1938 అంటే ఆ కెమెరా తీసిన 1938వ ఫొటో, 1938 నాటి సంచిక కాదు. ఐదంకెల నంబరిచ్చే కెమెరా అయితే 01938లోంచి 1938ని చీల్చుకునే ప్రమాదం ఉంది. దానికి ముందూ వెనకా ఇంకో అంకె ఉండకూడదు అని షరతు పెడితే చాలు. మొదటిదానికి ఏ షరతూ పనిచేయదు. పక్కన నెల పేరు ఉంటేనే ఆ సంఖ్యను సంవత్సరంగా ఒప్పుకుంటున్నాను, లేకపోతే అనుమానం జాబితాలోకే.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల పేర్లలో ఎనిమిదంకెల తేదీ ఉంటుంది. అది పంపిన రోజుకు సంబంధించింది, పత్రికది కాదు. 2020లలో ఉన్న తేదీలు కనుక వాటంతట అవే పక్కకు పోయాయి.

ఒక ఫోల్డర్ పేరు "కట్ట [3]". దాని లోపల వెతకమంటే గ్లాబ్ ఏమీ లేదంటుంది. చదరపు బ్రాకెట్‌ను అది ప్యాటర్న్‌గా చదువుతుంది: "కట్ట 3" అనే ఫోల్డర్ కోసం చూస్తుంది. అలాంటి పేర్లకు ముందు గ్లాబ్‌లోని ఎస్కేప్ అనే ఫంక్షన్ వాడాలి. ఫోల్డర్ నిండా ఫైళ్లుండగా సున్నా అని చూపించే తప్పు ఇది, ఎర్రర్ కూడా రాదు. మొత్తాల లెక్క పెట్టుకున్నందువల్ల వెంటనే బయటపడింది.

జూన్ 28, శనివారం

మాస్టారి దగ్గరకు అనుమానం జాబితా తీసుకెళ్లాను. ఎక్సెల్‌లో తెరుచుకునేలా సీఎస్‌వీగా (కామాలతో గళ్లు విడదీసిన టెక్స్ట్ ఫైలు) ఇచ్చాను. మామూలు యూటీఎఫ్-8లో ఇస్తే ఎక్సెల్ తెలుగును పిచ్చి గీతలుగా చూపిస్తుంది. మొదట్లో గుర్తు పెట్టే రకం యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా చదువుతుంది. పైథాన్‌లో దానికి విడిగా పేరుంది, ఒక్క పదం మార్పు.

వెళ్లేటప్పుడు నా ఆలోచన ఒకటే: అన్నిటినీ ఇంగ్లీషు ఏడు, నెలలోకి మార్చేద్దాం, చైత్రం అంటే ఏప్రిల్, అలా. ఆయన ఒప్పుకోలేదు.

"ప్రభవ పుష్యం ఏ నెలమ్మా?" అన్నారు.

"జనవరి అనుకోవచ్చు మాస్టారూ. 1928 జనవరి."

"ఆ యేడు పుష్యం డిసెంబర్ ఆఖర్లోనే మొదలైంది. సరే, దాన్ని సర్దుకుందాం. అధిక మాసం వచ్చిన ఏడు ఏం చేస్తావ్? మొన్న 2023లో శ్రావణం రెండుసార్లు రాలేదూ? అలాంటి ఏడు పదమూడు నెలలు. నీ పన్నెండు గళ్లలో పదమూడోది ఎక్కడ పెడతావ్?"

దాదాపు 32, 33 నెలలకోసారి అధిక మాసం వస్తుంది కాబట్టి ఇది మినహాయింపు కాదు, ఈ పత్రిక కాలంలోనే చాలాసార్లు వచ్చి ఉంటుంది. డిస్కులో "అధిక" అన్న ముక్క ఉన్న ఫైళ్లు నిజంగానే ఉన్నాయి. నా స్క్రిప్ట్ వాటిని మామూలు నెలతో కలిపేయకుండా అనుమానంలో పెట్టింది. ఆయన వేలు పెట్టి చూపించినవి అవే.

కొత్త పేరు ఇద్దరం కలిసి ఖాయం చేశాం. ముందు సంవత్సరం నడిచిన ఇంగ్లీషు ఏళ్లు, తర్వాత చైత్రం నుంచి లెక్కపెట్టిన నెల నంబరు, దానికి అంటిపెట్టుకుని అధిక మాసమైతే 0, కాకపోతే 1, ఆ తర్వాత తెలుగులో పేరు. ప్రభవ పుష్యం 1927-28_10-1_ప్రభవ_పుష్యం అవుతుంది. నెలకు రెండంకెలు వేయడం తప్పనిసరి. లేకపోతే సార్ట్ చేసినప్పుడు 1 తర్వాత 10, 11, 12 వచ్చి అప్పుడు 2 వస్తుంది. అధికం ముందు, నిజం తర్వాత, పంచాంగంలో ఉన్నట్టే వరసలో పడతాయి.

ఇంగ్లీషు నెలతో పేరున్నవాటిని స్క్రిప్ట్ మార్చదు. అట్ట తెరిచి చూసి సీఎస్‌వీలో తెలుగు నెల నింపడానికి ఇద్దరు డిగ్రీ పిల్లలను మాస్టారు కూర్చోబెట్టారు. వాళ్లు నింపిన గడిని కూడా స్క్రిప్ట్ అదే పట్టికతో పోల్చి, తేడా వస్తే వెనక్కి పంపుతుంది. అధిక మాసాల ఏళ్ల జాబితా తన దగ్గరున్న పాత పంచాంగాలు చూసి మాస్టారే రాసిస్తానన్నారు.

జూలై 5, శనివారం

పేర్లు మార్చే రోజు. కాస్త టెన్షన్‌గానే ఉంది.

పైథాన్‌లో పేరు మార్చే ఫంక్షన్ విండోస్‌లో, ఆ పేరుతో ఇంకో ఫైలు ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. లినక్స్‌లో ఏమీ అనకుండా పాతదాని మీద కొత్తదాన్ని పెట్టేస్తుంది. ఒక సంచికకు రెండు స్కాన్లుంటే రెండూ ఒకే కొత్త పేరుకు పోటీ పడతాయి, అక్కడ ఒకటి గాలికి పోతుంది. కాబట్టి ఒక్క ఫైలు కదిలించక ముందే కొత్త పేర్లన్నీ లెక్కవేసి, ఏ పేరైనా రెండోసారి వచ్చిందేమో చూడటం స్క్రిప్ట్‌లో మొదటి మెట్టు. వచ్చినవి చాలానే ఉన్నాయి: (1) అని చివర ఉన్నవి, "కొత్తది" అని రాసినవి, "రెండో ప్రతి" అన్నవి.

పరిమాణం సమానంగా ఉంటే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క (ఫైలు లోపలిదాని నుంచి తీసే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చాను. అచ్చంగా ఒకటే అయితే ఒకటి "నకళ్లు" ఫోల్డర్‌లోకి. లెక్క వేరైతే అవి రెండు వేర్వేరు స్కాన్లు, రెండూ ఉండాలి, చివర ప్రతి1, ప్రతి2. "కొత్తది" అని రాసినది నిజంగా కొత్తదా, మెరుగైనదా అన్నది స్క్రిప్ట్ తేల్చదు. ఒక జతలో "కొత్తది"లోనే మూడు పేజీలు తక్కువ.

స్క్రిప్ట్ మామూలుగా నడిపితే ఏదీ మార్చదు, పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన చూపిస్తుంది అంతే. నిజంగా మార్చాలంటే విడిగా ఒక పదం జోడించాలి. మార్చిన ప్రతిసారీ పాత పేరూ కొత్త పేరూ లాగ్‌లో పడతాయి, ఆ లాగ్ ఇస్తే వెనక్కి తిప్పే ఇంకో చిన్న స్క్రిప్ట్ ఉంది. ముందు దాన్నే పరీక్షించాను: ఒక కట్ట మార్చి, వెనక్కి తిప్పి, మొదటి జాబితాతో పోల్చి, ఒక్క సంకేతం కూడా తేడా లేదని చూసుకున్నాక మిగతా కట్టలు. ఐత్వం విడిపోయిన పాత పేర్లను లాగ్‌లో విడిపోయినట్టే ఉంచడం ముఖ్యం. అక్కడ కూడా ఎన్ఎఫ్‌సీలోకి మార్చేస్తే వెనక్కి తిప్పినప్పుడు వేరే పేరు వస్తుంది.

జూలై 13, ఆదివారం

లేని సంచికల కాగితం సిద్ధం. దీనికి ప్యాటర్న్ కూడా అక్కర్లేదు: 47 సంవత్సరాలు, ఏడాదికి పన్నెండు నెలలు, ఉండాల్సిన 564 పేర్లు తయారుచేసి, ఉన్నవాటిని తీసేయడమే. మాస్టారిచ్చిన అధిక మాసాలు వీటికి అదనం. వాటికి పత్రిక ప్రతిసారీ సంచిక వేయలేదు, కొన్నిసార్లు నిజ మాసంతో కలిపి వేశారు, అందుకని వాటి ఎదురుగా "లేదు" అని కాకుండా "ఉండొచ్చు" అని పడుతుంది. జంట సంచికలకు సీఎస్‌వీలో ఒక గడి చేర్చాం, రెండు నెలలూ ఉన్నట్టే లెక్క.

కాగితం చూసి మాస్టారు మొదట పట్టుకున్నది యుద్ధకాలపు ఖాళీలు. చిత్రభాను, స్వభాను, తారణ మూడేళ్లలోనూ (1942 నుంచి 1945 దాకా) వరసగా నెలలు లేవు. కాగితం కొరత రోజులు అవి, సంచికలే రాలేదో, వచ్చి దొరకలేదో తేల్చాలి. దొరికిన సంచికల మీద సంపుటం, సంచిక నంబర్లుంటాయి కాబట్టి ఖాళీకి ముందు సంచిక నంబరు, తర్వాతి సంచిక నంబరు చూస్తే తెలిసిపోతుంది. పిల్లలకు ఇప్పుడు ఆ పని.

మిగిలినవి జాబితాలో ఇంకా ఒక పేజీ ఉంది. ఎక్కువగా స్కాన్0042 లాంటివి. వీటికి ప్యాటర్న్ రాయను. పేరులో సమాచారమే లేదు, అట్ట తెరిచి చూసి చేత్తో పేరు పెట్టాలి. ఇకనుంచి కొత్తగా స్కాన్ చేసేవి ముందు "వచ్చినవి" అనే ఫోల్డర్‌లో పడతాయి. స్క్రిప్ట్ ఆ ఫోల్డర్‌ను చూసి, స్పష్టం కాని పేర్లను అక్కడే ఉంచేసి జాబితా చూపిస్తుంది. గ్రంథాలయంలోని విండోస్ కంప్యూటర్‌లో డబుల్ క్లిక్‌తో నడిచేలా పెట్టి వచ్చాను. తెలుగు అక్షరాలు అక్కడి నల్లటి కమాండ్ తెరమీద డబ్బాలుగా కనపడుతున్నాయి కాబట్టి, జాబితా తెరమీద కాకుండా సీఎస్‌వీలోకే వెళ్తుంది.